శుక్లం తీసిన కంటికి మళ్ళీ మసక: లేజర్ అవసరమా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు, మగ్గం నేస్తారు. మూడేళ్ల కిందట కుడికంటికి శుక్లం తీసి లెన్సు పెట్టారు. బాగానే కనిపించేది. ఇప్పుడు తెగిన పోగు దొరకడం లేదంటున్నారు, రాత్రి ఎదురొచ్చే లారీ లైట్లు చెదిరిపోతున్నాయట. షుగర్ ఉంది. లేజర్ చేయించమన్నారు. శుక్లం మళ్ళీ వచ్చిందా? లేజర్‌కు కన్ను కాలుతుందని ఊళ్లో భయపెడుతున్నారు.
- ఒక పాఠకుడు, ఉరవకొండ, అనంతపురం జిల్లా

జవాబు: తీసేసిన శుక్లం మళ్ళీ రాదు. ఆపరేషన్‌లో మసకబారిన లెన్సును తీసి, దాని చుట్టూ ఉండే పల్చటి సంచిని ఉంచేస్తారు. కొత్త లెన్సు కూర్చునేది అందులోనే. సంచి అంచుల్లో మిగిలిన కణాలు నెలలకో ఏళ్లకో లెన్సు వెనక గోడమీదికి పాకి సన్నటి బుడగల్లా, పొరగా పేరుకుంటాయి. లైటు చెదిరేది వాటివల్లే. ఆపరేషన్ సరిగా చేయలేదని డాక్టరుతో తగువు పడకండి, బాగా చేసినా ఇది వస్తుంది.

పోగు దొరకడం లేదన్న ఒక్కమాటకే లేజర్‌కు ఒప్పుకోవద్దు. పెట్టే లెన్సు సాధారణంగా దూరపు చూపుకు సరిపోయేది, దగ్గరికి అద్దాలు ఎలాగూ కావాలి. పేపరు చదివే అద్దాలు మగ్గానికి పనికిరాకపోవచ్చు. నాన్నగారు కూర్చున్నప్పుడు కంటి నుంచి పోగు దాకా టేపుతో కొలిచి, ఆ దూరానికి నంబరు చూడమనండి. సరైన అద్దాలు పెట్టినా అంతా పొగలో ఉన్నట్టుంటే అప్పుడు పొరను అనుమానించాలి. షుగర్ ఉంది కనుక చుక్కలేసి రెటీనా (కంటి లోపల వెనకుండే తెర) కూడా చూడాలి. లోపం అక్కడుంటే లేజర్ చేసినా చూపు రాదు.

ఈ పొరకు వాడే యాగ్ లేజర్ కాల్చేది కాదు, చించేది. ఒక్కో షాటు 1-2 మిల్లీజౌళ్ల శక్తితో మొదలవుతుంది, సెకనులో కోటివంతు కూడా ఉండదు. చుక్కలేసి 20-30 నిమిషాలు ఆగాక, మత్తు చుక్క వేసి, గడ్డం ఆనించి కూర్చోబెడతారు. టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంది, కంటిపాప మధ్యలో పొరకు 3-4 మిల్లీమీటర్ల కిటికీ పడుతుంది. అయిదు నిమిషాల పని, కుట్లూ కట్టూ ఉండవు. తల కదిలితే షాటు లెన్సుకు తగిలి గుంట పడుతుంది, ఒకటీ అరా పడితే చూపుకేం కాదు.

అనంతపురంలో కుదరకపోతే కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. బస్సెక్కేముందే యాగ్ మిషన్ నడుస్తోందో లేదో కనుక్కోండి. ఆ రోజు ఆయన్ను బండి నడపనివ్వద్దు. లేజర్ అయిన గంటా రెండు గంటలకు కంటి ప్రెషర్ చూపించుకునే రండి, కొందరికి అది పెరుగుతుంది. వాపు తగ్గే చుక్కలు కొన్ని రోజులు వేయాలి.

దోమల్లా నల్లచుక్కలు కొన్ని వారాలు తిరుగుతాయి, అవి చిరిగిన పొర ముక్కలే. కానీ మెరుపులు కనిపించినా, చుక్కలు ఒక్కసారిగా గుంపుగా పెరిగినా, పక్కనుంచి తెర దిగినట్టున్నా రెటీనా ఊడుతోందేమో చూడాలి. మైనస్ నంబరు ఎక్కువున్న కళ్లకు ఆ ముప్పు మరీ ఎక్కువ. నెలల తర్వాత కనిపించినా సరే, ఆ రోజే రెటీనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.