గాజు గొట్టంలో 20 నిమిషాలు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రక్తపింజర కాటేస్తే ఒంట్లో ఏం జరుగుతుందో మన భాషలో ఓపికగా చెప్పాలనుకున్నావు, అందుకే ముందు సంతోషపడ్డాను. వాక్యం మీద నీకు పట్టుంది. విషయం మీదే ఇంకా రాలేదు. మొహమాటపడకుండా చెబుతాను, ఏమీ అనుకోకు.

రెండో పేరాలో "విషం రక్తాన్ని నీళ్లలా పలచన చేస్తుంది" అని రాశావు. పాతికేళ్ల కిందట నేనూ అచ్చం ఇదే మాట రాశాను. అచ్చయిన వారానికి ఒక ల్యాబ్ టెక్నీషియన్ దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది. "అమ్మా, పలచనైపోతే ఎర్రకణాలు ఎక్కడికి పోయినట్టు? వీలైతే ఒకసారి వచ్చి చూడండి" అని. ఆ టెక్నీషియన్ పనిచేసే ఆసుపత్రికి వెళ్లాను.

వరికోతల రోజులవి. పొద్దుగూకే వేళ పొలంలో రక్తపింజర కాటు పడిన, కూలి చేసుకునే ఒక తల్లిని తీసుకొచ్చారు. పాదం నుంచి మోకాలి దాకా వాచిపోయింది. చిగుళ్ల నుంచి నెత్తురు సన్నగా ఊరుతోంది, ఆమె కొంగుతో తుడుచుకుంటూనే ఉంది. విషం బయటికి పోతుందని ఎవరో కాటు దగ్గర బ్లేడుతో గీశారు. ఆ గీతలు మూడు గంటలైనా ఆరలేదు. నర్సు 2 మిల్లీలీటర్ల రక్తం తీసి కొత్త గాజు గొట్టంలో పోసింది. దాన్ని కిటికీ పక్కన స్టాండులో నిలబెట్టి, గోడ గడియారం చూసి అరచేతిలో టైము రాసుకుంది. 20 నిమిషాలు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. టైము కాగానే మెల్లగా వంచింది. నెత్తురు అంచు దాకా జారింది, బుడ్డిలో సిరా జారినట్టు. విషం ఎక్కని మనిషి రక్తమైతే ఆపాటికి ముద్దకట్టి, గొట్టం తలకిందులు చేసినా కదిలేది కాదు.

ఈ పరీక్ష గురించి నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. గాజు గొట్టమే ఎందుకో చెప్పలేదు. గాజు తగలగానే రక్తంలో గడ్డకట్టే పని మొదలవుతుంది. ప్లాస్టిక్‌కి ఆ గుణం అంతగా లేదు. సబ్బుపొడితో కడిగిన గాజు కూడా ఆ గుణం పోగొట్టుకుంటుంది, అందుకే కొత్తది, శుభ్రంగా, పొడిగా ఉన్నది కావాలంటారు. కడిగిన గొట్టంలో పోస్తే విషం ఎక్కని మనిషి రక్తం కూడా గడ్డకట్టక, ఎక్కిందేమోనని పొరబడే ప్రమాదం ఉంది. ఇలాంటివి వదలొద్దు. పాఠకుడు నీ చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి వచ్చేది ఇక్కడే.

ఇక అసలు ప్రశ్న. ఆ తల్లి రక్తం గొట్టంలో ఎందుకు గడ్డకట్టలేదు? ఒంట్లో ఉండగానే గడ్డకట్టేసింది కాబట్టి. నీ వ్యాసమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరగాలి.

మన రక్తంలో ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ కరిగి తిరుగుతూ ఉంటుంది, ప్లాస్మాలో, అంటే కణాలు తీసేస్తే మిగిలే రక్తద్రవంలో, డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా. వేలు తెగితే ఒక ఎంజైము ఇంకొకదాన్ని లేపుతుంది, అది మరొకదాన్ని లేపుతుంది, చివరికి త్రాంబిన్ తయారవుతుంది. త్రాంబిన్ చేయి పడగానే ఫైబ్రినోజన్ పోగులవుతుంది, ఆ పోగుల పేరే ఫైబ్రిన్. ప్లేట్‌లెట్లూ ఎర్రకణాలూ ఆ వలలో చిక్కుకుంటే గడ్డ. దాన్ని కరిగించడానికి ప్లాస్మిన్ అని వేరే ఎంజైము ఉంది, అది పోగుల్ని తుంచుతుంది. నువ్వు గడ్డకట్టడం ఒక పేరాలో, కరగడం మరో పేరాలో పెట్టావు, ముందు ఒకటి పూర్తయి తర్వాత రెండోది మొదలైనట్టు. ఒంట్లో అలా ఉండదు. ఒకపక్క గడ్డ తయారవుతుంటేనే ఇంకోపక్క కరగడమూ మొదలవుతుంది. రెండిటినీ ఒకే పేరాలోకి తీసుకురా.

రక్తపింజర విషం ఈ వరసలో మధ్యలోంచి దూరుతుంది. ఆ వరసలోని ప్రోటీన్లకు ఫ్యాక్టర్లని అంకెలతో పేర్లు; గాయంతో పనిలేకుండా పదో ఫ్యాక్టర్‌నూ ఐదో ఫ్యాక్టర్‌నూ విషం తనే నేరుగా లేపుతుంది. ఇక రక్తమంతటా త్రాంబిన్. ఫైబ్రినోజన్ పోగులవుతూనే ఉంటుంది, పోగులు ప్లాస్మిన్‌కి చిక్కి తునకలవుతూనే ఉంటాయి. కొద్ది గంటల్లో సరుకు అయిపోతుంది. గొట్టంలో ఎర్రకణాలు ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి, ఫైబ్రినోజన్ లేదు. నువ్వు చేనేత ఊళ్లో పుట్టావు, నూలు అయిపోయిన మగ్గం ముందు కూర్చోవడమంటే ఏమిటో నాకంటే నీకే బాగా తెలుసు. ఆ పోలిక నీ చేతిలోనే ఉండగా సైనికులూ శత్రువులూ యుద్ధమూ ఎందుకు తెచ్చావు? ఇక్కడ ఎవరూ ఎవరితోనూ పోట్లాడటం లేదు. మన ఎంజైములు తమ పని తాము చేస్తున్నాయి, అవసరం లేనప్పుడు, ఒళ్లంతటా.

తునకల మాట రాస్తే డీ-డైమర్ కూడా చెప్పు. 2021లో కోవిడ్ రోజుల్లో ఎంతమంది ఇళ్లలో ఆ రిపోర్టు చేతులు మారిందో గుర్తుందిగా. అంకె పెరిగితే భయపడ్డారు గానీ అదేమిటో చెప్పినవాళ్లు తక్కువ. గట్టిపడిన ఫైబ్రిన్‌ని ప్లాస్మిన్ తుంచినప్పుడు రాలే తునకే డీ-డైమర్. ఎక్కడో గడ్డ కట్టింది, కరిగింది కూడా అని దానర్థం.

నాలుగో పేరాలో "సెప్సిస్‌లోనూ ఇదే జరుగుతుంది" అన్నావు. అది తీసెయ్యి, లేదా సరిగ్గా రాయి. సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్‌కి ఒళ్లంతా అదుపు తప్పి స్పందించినప్పుడు, గడ్డకట్టించే సంకేతం మన కణాల మీద నుంచే వస్తుంది, టిష్యూ ఫ్యాక్టర్ అంటారు. పైగా కరిగించే పనికి అక్కడ అడ్డుకట్ట పడుతుంది. దాంతో గడ్డలు సన్నటి నాళాల్లో ఉండిపోయి మూత్రపిండాలూ ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి. ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ కరిగించే పని మితిమీరుతుంది, రోగి రక్తస్రావంతో ప్రాణం మీదకు తెచ్చుకుంటాడు. పుస్తకాల్లో రెండిటికీ డీఐసీ అనే పేరే ఉంటుంది, ఒళ్లంతటా నాళాల్లో అదుపు లేకుండా రక్తం గడ్డకట్టడమని దానర్థం. పేరు ఒకటే అయినంత మాత్రాన రోగం ఒకేలా నడవదు. కట్టడమూ కరగడమూ, వీటిలో ఏది ముందుకు పోయిందో ప్రతిచోటా అడుగు.

చరిత్ర కావాలంటే మన గడప దగ్గరే ఉంది. ఈ పాముని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారు, ఆ పేరుకు కారణమైన ప్యాట్రిక్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖపట్నంలో ఉన్నవాడు. 1796లో అచ్చయిన పాముల గ్రంథంలో దీన్ని మనవాళ్లు "కాటుక రేకుల పొడ" అంటారని నమోదు చేశాడు. ఒంటి మీది ఆ మచ్చల్ని ఇంత అందంగా చూసిన భాష మనది. 1934లో లండన్‌లో మాక్‌ఫర్లేన్, బార్నెట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే విషాన్ని పలచగా కలిపి, పుట్టుకతోనే రక్తం సరిగ్గా గడ్డకట్టని హీమోఫీలియా రోగుల గాయాలకు పూసి రక్తం ఆపారు. ఎంజైములు ఒకదాన్నొకటి లేపుకునే వరసను 1964లో ప్రకటించినవాళ్లలోనూ ఈ మాక్‌ఫర్లేన్ ఉన్నాడు. ఇది రెండు మూడు వాక్యాలు చాలు, ఎక్కువ సాగదీస్తే ఆ తల్లి మరుగున పడుతుంది.

"పలచన" అన్న మాట మీద ఎందుకింత పట్టుబడుతున్నానంటే, చదివినవాళ్లు దాన్ని బట్టే ఏదో ఒకటి చేస్తారు. చెడ్డ రక్తం కారిపోతే మంచిదనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. గడ్డకట్టించే సరుకు అయిపోయిన ఒంటి మీద బ్లేడు పెడితే ఆ గీత ఆగదని తెలిస్తే, పెట్టబోయే చెయ్యి ఆగుతుంది. గట్టిగా కట్లు కట్టొద్దని, నోటితో పీల్చొద్దని, కాలు కదపకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లమని విడిగా ఒక పేరాలో, తేలిక మాటల్లో రాయి.

ఆ రాత్రి ఆమెకు యాంటీవీనమ్ 10 వయల్స్ ఎక్కించారు. అది గడ్డకట్టించే మందు కాదు, తిరుగుతున్న విషాన్ని పట్టి ఆపుతుంది, అంతే. ఫైబ్రినోజన్‌ని మళ్లీ తయారు చేయాల్సింది ఆమె కాలేయమే, దానికి కొన్ని గంటలు ఇవ్వాలి. అందుకే ఆరు గంటలాగి మళ్లీ పరీక్ష చేస్తారు, కొందరికి మందు ఇంకో విడత ఎక్కించాల్సి వస్తుంది. నేను బెంచీ మీదే కూర్చున్నాను. తెల్లవారుజామున నర్సు ఇంకో గొట్టం నిలబెట్టి, అరచేతిలో టైము రాసుకుంది. వాళ్లాయన గడియారం కిందే నిలబడ్డాడు. ఈసారి వంచినప్పుడు నెత్తురు జారలేదు. నర్సు గొట్టాన్ని పూర్తిగా తలకిందులు చేసి ఆయనకు చూపించింది.

నీ వ్యాసంలో ఈ రెండో గొట్టం లేదు. అది చేర్చి, తిరగరాసి పంపు. పోస్టులో అయినా సరే, చదివి పెడతాను.

ప్రేమతో,
అక్క