రేడియో మైకంటే సెనేటర్లకి భయమా?

ప్రశ్న: అమెరికా రాజకీయాల గురించి ఏం చదివినా కన్జర్వేటివ్ టాక్ రేడియో, అంటే రిపబ్లికన్ల వైపు మొగ్గే రాజకీయ కబుర్ల రేడియో షోలు, అనే మాట తగులుతోంది. స్టూడియోలో కూర్చుని మాట్లాడేవాళ్ళని చూసి సెనేటర్లు కూడా జంకుతారట, నిజంగా అంత సీనుందా లేక మీడియా హడావుడేనా?

జవాబు: సీనుందండీ, కాకపోతే మీరనుకునే చోట కాదు. రేడియో విని డెమొక్రాట్ కాస్తా రిపబ్లికన్ అయిపోవడం పెద్దగా జరగదు, ఈ హోస్టుల దెబ్బ గట్టిగా పడేది సొంత పార్టీ వాళ్ళ మీదే.

2007 ఇమ్మిగ్రేషన్ బిల్లు సంగతే చూడండి. అది కావాలన్నది స్వయానా రిపబ్లికన్ ప్రెసిడెంట్ బుష్. హోస్టులు మాత్రం ఇది అక్రమంగా వచ్చినవాళ్ళకి క్షమాభిక్ష అని పొద్దస్తమానం మోత మోగించారు, ఓటింగ్ రోజున జనాల కాల్స్ తాకిడికి సెనేట్ ఫోన్లు చేతులెత్తేశాయి, బిల్లు అటకెక్కింది. రిపబ్లికన్ సెనేటరే అయిన ట్రెంట్ లాట్ ఒళ్ళుమండి, దేశాన్ని టాక్ రేడియో నడిపిస్తోంది, దీని సంగతేదో చూడాలి అన్నాడు, అంతే, హోస్టులు ఆయన్నీ వదల్లేదు.

ఇంకా అసలు భయం ప్రైమరీలు, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు. అక్కడ ఓటేసేది కొద్దిమంది, ఆ కొద్దిమందిలో రోజూ ఈ షోలు వినేవాళ్ళు ఎక్కువ. 2014లో వర్జీనియాలో ఎరిక్ కాంటర్, హౌస్‌లో, అంటే కాంగ్రెస్ దిగువ సభలో, రిపబ్లికన్ల మెజారిటీ లీడర్ అంతటివాడు, డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ చేతిలో ఓడిపోయాడు, ఆ ప్రొఫెసర్‌ని భుజానేసుకుని తిరిగింది రేడియో హోస్ట్ లారా ఇంగ్రహామ్.

ఇదంతా ఎలా మొదలైందంటే చాలామంది ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ పేరు చెప్తారు, అంటే వివాదం ఉన్న విషయాల్లో రెండో పక్షానికీ చోటివ్వాలన్న రూలు, 1987లో రేడియో, టీవీలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ దాన్ని తీసేసింది. నిజమే గానీ కథంతా అదే కాదని నా అభిప్రాయం. పాటలన్నీ ఎఫ్ఎంకి వెళ్ళిపోయాయి, ఏఎం స్టేషన్లు వెలవెలబోతున్నాయి, అలాంటప్పుడు 1988లో కన్జర్వేటివ్ హోస్ట్ రష్ లింబా షో దేశమంతా మొదలైంది. మధ్యాహ్నం మూడు గంటలు ఒక్కడే మాట్లాడతాడు, చిన్న స్టేషన్‌కి సొంతంగా మనుషుల్ని పెట్టుకునే ఖర్చు లేదు, షో ఇచ్చే కంపెనీకి కొన్ని యాడ్ నిమిషాలు వదిలేస్తే సరిపోయేది. 1994లో రిపబ్లికన్లు నలభై ఏళ్ళ తర్వాత హౌస్ గెలిచినప్పుడు కొత్త సభ్యులు లింబాని గౌరవ సభ్యుడిగా చేసుకున్నారు మరి! లిబరల్స్ కూడా 2004లో ఎయిర్ అమెరికా అనే రేడియో నెట్‌వర్క్ పెట్టారు, 2010కల్లా మూతపడింది.

ఇక ఇది న్యూసా ఎంటర్‌టైన్‌మెంటా అంటే, అవసరాన్ని బట్టి. ఎవరైనా తప్పు పడితే హోస్ట్ నేను ఎంటర్‌టైనర్‌ని అనొచ్చు, కానీ ఆ మాట ఎదుటివాడు అనకూడదు. 2009లో రిపబ్లికన్ పార్టీ ఛైర్మన్ మైకేల్ స్టీల్ లింబాని ఎంటర్‌టైనర్ అన్నాడు, వెంటనే సారీ చెప్పుకోవాల్సొచ్చింది. పార్టీ ఛైర్మన్ రేడియో మనిషికి సారీ చెప్పడం, అంతకంటే రుజువేం కావాలి చెప్పండి.

లింబా 2021లో పోయాడు, పాడ్‌కాస్టులొచ్చి ఏఎం రేడియో పల్చబడింది. అయినా మైకు దగ్గర్నుంచి కుర్చీకెళ్ళే దారి మాత్రం మూసుకుపోలేదు. మైక్ పెన్స్ వైస్ ప్రెసిడెంట్ అవ్వకముందు, కాంగ్రెస్‌కి కూడా వెళ్ళకముందు ఇండియానాలో టాక్ షో చేసేవాడు, డాన్ బాంజీనో అయితే 2025లో షో ఆపేసి నేరుగా ఎఫ్‌బీఐ డిప్యూటీ డైరెక్టర్ అయ్యాడు.