తొలి వానకు ముందే బజారు చుట్టిరా

చిరంజీవి శ్రావణికి,

వరద కాలువలో నూనె, మురికి పోయొద్దని బజారులో దుకాణాల వాళ్లతో మాట్లాడే పని కాలనీ సంఘం నీకు అప్పగించిందని తెలిసింది. మృగశిర కార్తె ఇంకా రాలేదు కాబట్టి, ఆ పని ఎలా చేయాలని సరైన వేళకే అడిగావు. ఎండాకాలమంతా రోడ్డు మీద, షెడ్ల ముందు పేరుకున్న నూనె, మడ్డి, టైర్ల పొడి తొలి వాన మొదట్లోనే చాలావరకు కొట్టుకుపోతాయి. తిరగాల్సింది దానికి ముందే.

ఏ నీరు ఎటు పోతుందో మొదట నువ్వు తెలుసుకో. మోరీలో పోసిందంతా ఎక్కడో శుద్ధి అవుతుందని చాలామంది నమ్మకం. డ్రైనేజీ లైను హైదరాబాద్ జలమండలిది, అది మురుగుశుద్ధి కేంద్రానికి పోవాలి. రోడ్డు అంచున ఇనుప జాలీ కింద ఉండే వరద కాలువకు శుద్ధి అంటూ ఏమీ లేదు. మీ వైపు నీరు కూకట్‌పల్లి నాలాలో కలుస్తుంది. వాన లేని రోజుల్లో ఆ నాలాను హుస్సేన్ సాగర్‌లో పడకుండా మళ్లించే ఏర్పాటు ఉంది గానీ, వాన జోరుకు అది ఆగదు, సాగర్‌లోకే పోతుంది. దుకాణం వెనక గొట్టం ఏ లైనులో కలిసిందో యజమానికే తెలియకపోవచ్చు. ఆ గొట్టంలో గుప్పెడు మరమరాలు వేసి రెండు బకెట్ల నీళ్లు పోయించు. అవి కింది జాలీ దగ్గర తేలితే గొట్టం వరద కాలువలో కలిసినట్టే.

ఎవరితోనైనా మాట్లాడే ముందు ఒక రోజు ఊరికే చూడు. ముఖ్యంగా రాత్రి పదింటికి, షట్టర్లు దించే వేళ. బకెట్లన్నీ రోడ్డెక్కేది అప్పుడే. మాట్లాడటానికి టిఫిన్ సెంటరుకు పదకొండు తర్వాత వెళ్లు, మాంసం కొట్టుకు ఆదివారం పోకు. యజమాని ఒప్పుకున్నంత మాత్రాన పని అయిపోదు. బకెట్ పారబోసే కుర్రాడితో మాట్లాడాలి. వాళ్లలో బీహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, అందుకని తెలుగు కాగితం అంటించి రాకు, బొమ్మ గీసి పెట్టు.

మెకానిక్ షెడ్లు నీ అసలు పని. బైకు నుంచి దాదాపు లీటరు, కారు నుంచి మూడు నాలుగు లీటర్ల పాత ఇంజనాయిలు దిగుతుంది. డ్రమ్ములోకి చేరినదాన్ని వాళ్లు పారబోయరు, దానికి డబ్బొస్తుంది. (సెంట్రింగ్ వాళ్లు పలకలకు పూయడానికి కొంటారు, అదీ వానకు కడుక్కుపోయేదే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత ఇంజనాయిలు రిజిస్టరైన రీసైక్లరుకే చేరాలి.) నష్టం జరిగేది చుక్కల్లో. ట్రే చిన్నదవడం, తీసిన ఫిల్టరును అలాగే మూలకు విసరడం, చైన్లు కడిగిన కిరోసిన్‌ను సాయంత్రం పారబోయడం. ఫిల్టరును వేడిగా ఉండగానే బోర్లించి రాత్రంతా డ్రమ్ము మీది జాలీపై ఉంచమను. కిరోసిన్‌ను మూత పెట్టి ఉంచితే తెల్లారేసరికి మడ్డి కిందికి దిగుతుంది, పైది వంచుకుని మళ్లీ వాడుకోవచ్చు. ఇది వాళ్ల జేబుకు లాభం, ముందు ఈ మాటే చెప్పు.

నేల మీద నూనె ఒలికితే నీళ్లు కొట్టకూడదు. కోత మిల్లు నుంచి ఒక సంచి రంపపు పొట్టు తెప్పించి పెట్టించు. ఊక అంతగా పీల్చదు. చల్లి, చెప్పుతో రుద్ది, పావుగంట ఆగి ఊడ్చాలి. సర్ఫు వేసి కడిగితే నేల శుభ్రంగా కనిపిస్తుంది గానీ, నూనె సన్నటి తుంపరలుగా నీళ్లలో కలిసిపోయి ఏ గుంటలోనూ ఆగకుండా కాలువలోకి పోతుంది. ఆ నూనె పొట్టు చెత్తబండికి వేసేది కాదు, తగలబెట్టేదీ కాదు. దుండిగల్ దగ్గర ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది, కానీ ఐదు కిలోల కోసం ఎవరూ అంత దూరం పోరు. వీధి మొత్తానికి మూతున్న డ్రమ్ము ఒకటి పెట్టించి, నిండాక అందరూ కలిసి పంపేలా చూడు. పాత కూలెంటుకు (ఇంజన్ను చల్లబరిచే ద్రవం) వేరే డబ్బా ఉండాలి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి. పాత బ్యాటరీలు షెడ్డు కప్పు కింద ప్లాస్టిక్ ట్రేలో ఉండాలి.

బండ్లు కడిగే వాటర్ సర్వీసింగ్ వాళ్లకు మట్టి, నూనె ఆపే గుంట కట్టించక తప్పదు. ఒక గన్ను నిమిషానికి పది లీటర్లు చిమ్మితే అరగంటకు 300 లీటర్లు. కనీసం అంతసేపు నీరు గుంటలో నిలవాలి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల నీటి లోతుతో మూడు గదులు కడితే ఒక్కోదానిలో 280 లీటర్లు పడతాయి, చాలు. మొదటి గదిలో మట్టి దిగుతుంది, రెండోదానిలో నూనె తేలుతుంది. గది నుంచి గదికి పోయే గొట్టానికి ఎల్బో (వంపు ముక్క) వేసి, మూతి నీటిమట్టానికి అడుగు కిందకు తిప్పాలి. మేస్త్రీలు తిన్నగా గొట్టం పెట్టేస్తారు, అప్పుడు తేలిన నూనే ముందు దాటిపోతుంది. మట్టి మూడోవంతు లోతుకు చేరగానే తీయాలి. మూడో గది నీరు జలమండలి అనుమతితో డ్రైనేజీ లైనుకే పోవాలి. పైన రేకు, చుట్టూ మూడు నాలుగంగుళాల గట్టు తప్పనిసరి. అవి లేకపోతే ఒక్క పెద్ద వాన నెలల మడ్డినంతా గుంటలోంచి ఎత్తి కాలువలో పోస్తుంది. ఎక్కువ గుంటలు దండగయ్యేది ఇక్కడే. కడిగాక బండి కింద డీజిల్ కొట్టే అలవాటు మాత్రం పూర్తిగా మాన్పించు. అవసరమైన చోట గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

హోటళ్లలో పళ్లేలు, మూకుళ్లు కడిగే ముందు జిడ్డును చెత్తబుట్టలోకి గీకించు. వేణ్నీళ్లు పోస్తే జిడ్డు కరిగి సింకు దాటుతుందే తప్ప మాయం కాదు. లైనులో చల్లారి గడ్డ కడుతుంది, మ్యాన్‌హోల్ పొంగుతుంది, ఆ మురుగు పక్కనున్న వరద కాలువలో పడుతుంది. గ్రీజ్ ట్రాపులో (సింకు నీటిలోని జిడ్డును ఆపే పెట్టె) జిడ్డు, మడ్డి కలిపి లోతులో పావు వంతు కాగానే తీయాలి. వాడేసిన నూనెను బయోడీజిల్‌కు సేకరించేవాళ్లు ఉన్నారు, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లోనే ఆ పథకం పెట్టింది. నేల తుడిచిన నీళ్లు లోపలి తూములోనే పోయించు.

సిమెంటు, ఇసుక దుకాణాలకు టార్పాలిన్, కుప్ప చుట్టూ ఇసుక బస్తాలు సరిపోతాయి. కాకపోతే సిమెంటు కడిగిన నీళ్లు చేపలను చంపేటంత క్షారం, జాలీలో పోయనివ్వకు.

చట్టం సంగతి చివరికి దాచుకో. ముందు ఒక్కో కొట్టును ఒక్క పనే అడుగు. అది చేశాకే రెండోది.

తొలి వాన మర్నాడు జాలీలన్నీ చూడు. నీటి మీద రంగుల పొర కనిపిస్తే పుల్లతో కెలుకు. పెంకుల్లా విరిగి విడివిడిగా ఉండిపోతే అది సూక్ష్మజీవుల పొర, ఎవరినీ అనకు. విడిపోయి మళ్లీ కలుసుకుంటే నూనె. అప్పుడు ఒక్కో జాలీ చూసుకుంటూ ఎగువకు నడువు. పొర లేని జాలీ ఎక్కడ వస్తుందో దానికీ కింది జాలీకీ మధ్యనున్న కొట్ల దగ్గరకే మళ్లీ వెళ్లాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న