ఆ పది నిమిషాలు వేస్ట్ కాదు

"మాది విజయవాడ కృష్ణలంక. నాకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. ఐదింటికి లేస్తే నీళ్లు పట్టడం, టిఫిన్లు, క్యారేజీలు, పిల్లల్ని ఆటో ఎక్కించడం, తర్వాత కుట్టుమిషన్. పదకొండేళ్లుగా ఇంతే. ఏ రోజు ఏ వారమో కూడా తెలియట్లేదు. మా ఆయనతో చెబితే 'నీకేం తక్కువ?' అంటారు. ఈమధ్య సందు చివర పూలు కట్టే మామ్మ దగ్గర ఊరికే పది నిమిషాలు నిలబడిపోతున్నాను. టైమ్ వేస్ట్ చేస్తున్నానని నామీద నాకే కోపం వస్తోంది. నాదే తప్పా?"

మీ తప్పేం లేదమ్మా. ఇన్నేళ్లు చేసిన పనులు కాబట్టి చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. పోపు వేస్తుంటే ఆలోచన ఆటో మీద, ఆటో దగ్గర నిలబడితే కుట్టాల్సిన జాకెట్ల మీద. ఇక రోజు ఎలా గుర్తుంటుంది?

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ మామ్మ సంగతే. మల్లెమొగ్గలు రెండు ఇటు, రెండు అటు, తడి అరటినార ఒక చుట్టు, మధ్యమధ్యలో మరువం. కళ్లు బేరమాడే మనిషి మీదున్నా వేళ్లు తప్పవు. మూర కొలిచి, కొసరుగా ఇంకో బెత్తెడు వదిలి తెంపుతారు. అక్కడ నిలబడిపోవడం మీ మనసు బాగుందనడానికి గుర్తు. మానకండి. జాకెట్ చంక దగ్గర కుట్టు తిప్పేటప్పుడు మీ వేళ్లనూ ఒకసారి చూసుకోండి, ఆ ఒడుపే కనిపిస్తుంది.

పిల్లల్ని పంపాక వెంటనే మిషన్ దగ్గర కూర్చోకండి. ఫోన్ ఇంట్లో పెట్టి బందరు కాలువ వైపు పావుగంట నడిచి రండి. వేసవిలో కాలువ కట్టేస్తే అడుగు బయటపడుతుంది, బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలాక అదే కాలువ నిండుగా పారుతుంది. రోజూ చూసేవాళ్లకే ఆ మార్పు తెలుస్తుంది.

అయితే ఒంటి అలసట దీంతో తీరదు. పొద్దున నీళ్లు పట్టడం మీవారికి అప్పగించండి. ఆదివారం సాయంత్రం ఆయన్నీ కాలువ దాకా వెంటబెట్టుకెళ్లండి. 'నాకు తక్కువైంది డబ్బు కాదు, మీతో నాలుగు మాటలు' అని అక్కడ నెమ్మదిగా చెప్పండి.

ఇంకొక్క మాట. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఆ మామ్మ దగ్గర కూడా నిలబడాలనిపించకపోయినా డాక్టరుకు చూపించుకోండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.