చిటికెన వేలు కలిపితే చాలు: లోరియాం జానపద నృత్య పండుగకు వెళ్లేవాళ్ల కోసం

ఫ్రాన్స్‌లోని రెన్ నగరం నుంచి ఒక చెల్లెలి ప్రశ్న: "అక్కా, మా ఆఫీసులో ఒకావిడ ఆగస్టులో లోరియాం పండుగకు రమ్మని ఒకటే పోరు. మేం ఫ్రాన్స్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఇద్దరికీ ఫ్రెంచి అంతంతమాత్రం, డాన్సు అసలే రాదు. శాకాహారులం, నాలుగేళ్ల పాప ఉంది. చీర కట్టుకెళ్లొచ్చా? లండన్‌లో ఉన్న తమ్ముడు కూడా వస్తానంటున్నాడు. వెళ్లమంటారా?"

శుభ్రంగా వెళ్లిరండి. ఇక్కడికొచ్చిన మనవాళ్లు మొదటి వేసవంతా పారిస్, స్విట్జర్లాండ్ అంటూ తిరుగుతారు గానీ, గంటన్నర రైలు దూరంలో ఉన్న ఈ సముద్రతీర పట్నం సంగతి చాలామందికి తెలియదు. 1971 నుంచి జరుగుతున్న పండుగ ఇది. ఆగస్టు మొదటి పక్షంలో పది రోజులపాటు కెల్టిక్ సంస్కృతి ఉన్న ప్రాంతాలవాళ్లు, అంటే మీరుండే బ్రిటనీతోపాటు ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్, కార్న్‌వాల్, ఐల్ ఆఫ్ మాన్, స్పెయిన్‌లోని గలీసియా, అస్తూరియాస్ వాళ్లంతా తమ పాటలూ ఆటలూ పట్టుకుని ఇక్కడికి చేరతారు. వీళ్లందరికీ ఉమ్మడి వాయిద్యం బ్యాగ్‌పైపు, అంటే గాలితిత్తి ఉన్న ఊదుడు వాయిద్యం. స్పెయిన్‌లో బ్యాగ్‌పైపులేమిటని ఆశ్చర్యపోకండి, గలీసియావాళ్లది వింటే స్కాట్లాండ్ వాయిద్యం పేరే ఎత్తరు.

మనవాళ్లు మామూలుగా చేసేదేమిటంటే, ఆదివారం దిగి, పెద్ద ఊరేగింపు చూసి, జరీ కోటు వేసుకున్నాయనతో ఒక ఫొటో దిగి సాయంత్రం రైలెక్కేయడం. ఊరేగింపు చూడాల్సిందే, కాదనను. బిగూడెన్ ప్రాంతపు ఆడవాళ్లు జానెడుకు మించిన లేసు టోపీ నిటారుగా పెట్టుకుని ఎదురుగాలిలో నడుస్తుంటే కళ్లప్పగించి చూస్తాం. ఆ ఎంబ్రాయిడరీ బట్టల్లో కొన్ని అమ్మమ్మల నాటివి. ముట్టుకోకండి, ఫొటోకి ముందు ఒక మాట అడగండి. స్టేడియంలో కూర్చుని చూడాలంటే టికెట్టు ముందే కొనుక్కోవాలి. కానీ నన్నడిగితే అసలు పండుగ రాత్రి ఫెస్ట్‌నోజ్‌లో ఉంది. దానికోసం ఒక్క రాత్రయినా అక్కడ ఉండండి.

ఫెస్ట్‌నోజ్ అంటే ఊరంతా కలిసి ఆడే రాత్రి ఆట. పూర్వం పల్లెల్లో అందరూ కలిసి చేసే పొలం పనులయ్యాక ఆడేవారు. కొత్త కళ్లం వేసినప్పుడు మట్టి గట్టిపడాలని కూడా జనాన్ని పిలిచి ఆడించేవారు. ఆ అడుగుల్లో తొక్కుడు ఎక్కడిదో దీన్నిబట్టి తెలుస్తుంది. మధ్యలో దాదాపు మరుగున పడిపోతే 1950ల్లో బ్రిటనీ గాయకుడు లోయిజ్ రోపార్స్ లాంటివాళ్లు మళ్లీ నిలబెట్టారు. 2012లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. కొన్ని పాటలకి వాయిద్యమే ఉండదు. ఒకరు చరణం పాడుతుంటే, ఆ చివరి మాటల దగ్గరే రెండోవారు అందుకుని అదే చరణం తిరిగి పాడతారు. బుర్రకథలో వంత విన్న చెవులకి అది వెంటనే పట్టుబడుతుంది.

డాన్సు రాదన్న బెంగ వదిలేయండి. మొదట 'అన్ డ్రో' అనే తేలిక ఆట వచ్చేదాకా ఆగండి. పక్కవాళ్ల చిటికెన వేలికి మీ చిటికెన వేలు తగిలించడం, ఎడమవైపు మూడు అడుగులు, ఉన్నచోటే మూడు అడుగులు. అంతే. చేతులు ముందుకు లేచి గుండ్రంగా తిరిగి కిందికి దిగుతుంటాయి, వాటిని పక్కవాళ్లే తిప్పుతారు, మీరు బిగపట్టకుండా ఉంటే చాలు. తర్వాత 'హంటర్ డ్రో' ఇంకా తేలిక, చేతులు పక్కవాళ్ల చేతులతో ఒంటికి దగ్గరగా పెనవేసుకుని చిన్న అడుగులు వేస్తారు. గవోత్ మొదలైతే మాత్రం పక్కకొచ్చి నీళ్లు తాగండి. అది చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది, దిగితే ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకోవడమే.

మర్యాద ఒకటుంది. వరుస ఎడమవైపు సాగుతుంది కాబట్టి ఎడమ కొసన ఉన్న మనిషే నడిపించేవారు. వాళ్లకి ముందు వెళ్లి చేరకూడదు. కుడి కొసన, అంటే తోక దగ్గర కలవండి. మొగుడూ పెళ్లాల్లా కనబడ్డవాళ్ల మధ్యలో దూరకండి. తోక దగ్గర చేరితే మీ అడుగు తప్పినా వరుస చెడదు. పరాయి మగవాడి వేలు పట్టుకోవాలా అని సంకోచంగా ఉంటే ఒకవైపు మీవారు, ఇంకోవైపు మీ ఆఫీసావిడ ఉండేలా చూసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఫ్రెంచి రాకపోయినా ఇబ్బంది లేదు, ఆ గోలలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

చీర పగలు హాయిగా కట్టుకోండి. ఎవరి వేషంలో వాళ్లు తిరిగే చోట మీదీ ఒకటి. ఫొటోకని ఆపుతారు, దానికి సిద్ధపడండి. రాత్రి ఆటకి మాత్రం చుడీదారు, పట్టున్న బూట్లు. చెప్పులతో వెళ్తే వేళ్లు నలుగుతాయి. ఆగస్టే కదా అని స్వెట్టరు ఇంట్లో వదలకండి, సముద్రం గాలికి రాత్రి చలేస్తుంది, వాన ఎప్పుడైనా పడొచ్చు.

పాప విషయంలో ఒక్క జాగ్రత్త: చెవులు. బొంబార్డ్ అనే వాయిద్యం మన సన్నాయికి దూరపు చుట్టం, దగ్గర్నుంచి వింటే పెద్దవాళ్లకే చెవులు గింగురుమంటాయి. దానికి బ్యాగ్‌పైపులూ డ్రమ్ములూ కలిసిన బృందాన్ని బగాద్ అంటారు. మొదటి శనివారం ముస్త్వార్ స్టేడియంలో వాళ్ల మధ్య పోటీ ఉంటుంది. పిల్లలకి పెట్టే శబ్దం ఆపే హెడ్‌ఫోన్స్ తీసుకెళ్లండి.

తిండికి టెన్షన్ లేదు, అడగడం తెలియాలంతే. గలెట్ అనేది బక్‌వీట్ పిండితో, అంటే ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకి వాడే కుట్టు పిండితో పోసే పలచటి అట్టు. 'కొంప్లెట్' అని బోర్డు మీద ఉంటే అందులో హ్యామ్, గుడ్డు, చీజ్ మూడూ ఉంటాయి. "సాఁ జాంబోఁ" అంటే హ్యామ్ తీసేస్తారు. గుడ్డు కూడా తినకపోతే చీజు, పుట్టగొడుగులు వేయించుకోండి. పట్టింపు ఉన్నవాళ్లు ఇంకొకటి అడగాలి: కొన్నిచోట్ల పెనానికి ఇప్పటికీ పంది కొవ్వు రాస్తారు. "సాందూ?" అని అడిగి, అవునంటే పక్క దుకాణానికి వెళ్లండి. సిదర్ అంటే ఆపిల్‌తో చేసిన మద్యం, జ్యూసనుకుని పాపకిచ్చేరు.

బస విషయం మేలోపే తేల్చుకోండి. లోరియాంలో గది దొరక్కపోతే చాలామంది దగ్గరి ఊళ్లైన ఓరే, వాన్‌లలో దిగుతారు. పగటి కార్యక్రమాలకి అది సరిపోతుంది, కానీ అర్ధరాత్రి దాటాక ఆట ముగిస్తే రైలు ఉండదు. కాస్త డబ్బు ఎక్కువైనా ఊళ్లోనో, ఏటి అవతలి లానెస్టర్‌లోనో చూసుకోండి. తేజేవే (TGV, ఇక్కడి హైస్పీడు రైలు) టికెట్లు రోజు దగ్గరపడేకొద్దీ మండిపోతాయి.

రెండో రోజు ఉదయం పోర్‌లూయికి పడవెక్కండి, సిటీ బస్సు టికెట్టే చెల్లుతుంది. అక్కడి కోటలో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ మ్యూజియం ఉంది. లోరియాం ఊరే 1666లో ఆ కంపెనీ ఓడల కోసం పుట్టింది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న యానాం కథ ఆ కంపెనీతోనే మొదలు. మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఇక్కడివాళ్లు ఎంత ఎగబడి కొన్నారంటే, స్థానిక నేతగాళ్ల గోల భరించలేక 1686లో రాజు వాటిని నిషేధించాడు. 1759 దాకా ఆ నిషేధం నడిచింది, దొంగచాటుగా కట్టేవాళ్లు కడుతూనే ఉన్నారు. ఆ బట్టల ముందు మీరు ఎంతసేపైనా నిలబడతారని నాకు తెలుసు, పాపకి బిస్కట్లు పెట్టుకోండి.

ఇక మీ తమ్ముడు. బ్రిటన్ వీసా ఉంటే ఫ్రాన్స్ రావచ్చన్న మాట నమ్మొద్దు. భారత పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్లకి షెంగెన్ వీసా విడిగా కావాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే గగనం, కాబట్టి ఏప్రిల్లోనే మొదలుపెట్టమనండి. మీరిద్దరూ కూడా రెసిడెన్సు కార్డు దగ్గర ఉంచుకోండి, ఫోన్లో ఫొటో ఉందిలే అనుకుంటే కుదరదు.