తూలూజ్‌లో పని జరిపించుకోవడం ఎలా?

చి. సౌమ్యకు ఆశీస్సులు.

ఫ్రాన్స్‌లో, తూలూజ్‌లో గది కుదిరిందని మీ అమ్మ చెప్పింది. పెట్టెలో ఏం సర్దుకోవాలో చెప్పేవాళ్లు నీకు బోలెడుమంది ఉంటారు. అక్కడ దుకాణాల్లో, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పని ఎలా జరిపించుకోవాలో నేను రాస్తాను. కౌంటర్ దగ్గర మెత్తగా, కాగితం మీద గట్టిగా ఉండాలి. మనవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి, ఎదురుగా గొంతు పెంచుతారు, రాతలో మాత్రం ఏమీ అడగరు.

బేకరీకి వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా ముందు "బోంజూర్", అంటే నమస్కారం అను. వాళ్లు తిరిగి అనేదాకా ఆగి, అప్పుడు నీ పని చెప్పు. నేరుగా "ఇదెంత?" అని మొదలుపెడితే ముఖాలు ముడుచుకుంటాయి. అది నీ రంగు చూసి అనుకుని నొచ్చుకోకు. పలకరించకుండా పని చెప్పడం అక్కడ పనివాళ్లను అదిలించినట్టు లెక్క. డాక్టరు దగ్గర వెయిటింగ్ గదిలోకి వెళ్లినా అక్కడ కూర్చున్నవాళ్లందరికీ కలిపి ఒక బోంజూర్. సాయంత్రమైతే "బోంస్వార్".

డబ్బిచ్చాం కాబట్టి మన మాటే చెల్లాలనే లెక్క అక్కడ నడవదు. "సె పా పోసిబ్ల్", అంటే కుదరదు అనే మాట రోజూ వింటావు. చాలాసార్లు దాని అసలు అర్థం ఒక కాగితం తక్కువైందనే. వాదించకుండా "అయితే ఏం చేయాలి?" అని అడిగి, కావలసిన కాగితం పేరు వాళ్లచేతే రాయించుకో.

ఎక్కువగా అడిగేది చిరునామా రుజువు. 3 నెలల లోపు కరెంటు బిల్లో, ఇంటర్నెట్ బిల్లో చూపాలి. కొత్తగా దిగినవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు: ఖాతాకు చిరునామా కావాలి, ఇంటికేమో ఖాతా కావాలి. ఎవరింట్లోనైనా దిగితే, తమ ఇంట్లో ఉంటున్నావని వాళ్లు సంతకం చేసిన ఉత్తరం, వాళ్ల గుర్తింపు కార్డు నకలు, వాళ్ల బిల్లు, ఈ మూడూ కలిపి ఇస్తే సరిపోతుంది. బ్యాంకు ఖాతా తెరవనంటే, ఆ మాట రాతపూర్వకంగా తీసుకుని, అక్కడి కేంద్ర బ్యాంకు అయిన బాంక్ ద ఫ్రాన్స్‌కు అర్జీ పెట్టుకో. వాళ్లే ఒక బ్యాంకును నియమిస్తారు.

వేళలు చూసుకుని కదులు. చిన్న ఊళ్లలో 12 నుంచి 2 దాకా చాలా తలుపులు మూసే ఉంటాయి. బ్యాంకు శాఖలు చాలావరకు సోమవారం ఉండవు. ఆగస్టులో ఏ పనీ పెట్టుకోకపోవడమే మేలు.

హోటల్లో మంచినీళ్లకు "కరాఫ్ దో" అని అడుగు. కుళాయి నీళ్లే, డబ్బు తీసుకోరు. ఊరికే నీళ్లంటే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు. సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది, టిప్పు నీ ఇష్టం. బిల్లు నువ్వు అడిగేదాకా తేరు. అడక్కుండా తెస్తే లేవమన్నట్టు ఉంటుందని వాళ్ల భావం. మాంసం తిననని చెబితే చేపలు పెట్టేవాళ్లున్నారు, అందుకని రెండూ వద్దని విడివిడిగా చెప్పు.

కొన్న వస్తువు విషయంలో తేడా బాగా తెలుసుకో. ఆన్‌లైన్‌లో కొన్నదైతే 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కివ్వచ్చు. దుకాణంలో కొన్నది నచ్చలేదని ఇస్తే తీసుకోవాలన్న చట్టం లేదు, తీసుకుంటే అది వాళ్ల దయ. కొత్త వస్తువులో లోపం బయటపడితే మాత్రం 2 ఏళ్ల దాకా బాధ్యత అమ్మినవాడిదే. "కంపెనీని అడుక్కోండి" అంటే "గరాంతీ లెగాల్", అంటే చట్టం ఇచ్చిన గ్యారంటీ అని ఒక్క మాట అను, చాలామంది అక్కడితో దారికొస్తారు. రసీదు కావాలంటే అడగాలి. 2023 ఆగస్టు నుంచి చాలా కొనుగోళ్లకు దానంతటది ముద్రించి ఇవ్వడం లేదు.

దారికి రాకపోతే రికమాందే, అంటే అందినట్టు సంతకంతో రసీదు తిరిగొచ్చే రిజిస్టర్డ్ ఉత్తరం. పైన ఎడమవైపు నీ చిరునామా, కుడివైపు వాళ్లది, కింద ఊరు, తేదీ, విషయం, కస్టమర్ నంబరు. ఏ తేదీన ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో, ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసి, 15 రోజులు గడువివ్వు. విషయం దగ్గర "మీజాన్ దమర్" అని రాస్తే అది లాంఛనంగా చేసిన హెచ్చరిక అవుతుంది. కోపం ఒక్క ముక్క కూడా వద్దు. నకళ్లే జతచెయ్యి, అసలు కాగితాలు పంపకు. జవాబు రాకపోతే ఆ సంస్థ తరఫు మధ్యవర్తి దగ్గరికి ఏడాదిలోపు వెళ్లొచ్చు, నీకు ఖర్చుండదు.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడూ ఇదే ఉత్తరం. ఫర్నిచర్ ఉన్న ఇంటికి నోటీసు 1 నెల, ఖాళీ ఇంటికి 3 నెలలు. తూలూజ్‌లో ఇళ్ల కొరత ఉంది కాబట్టి ఖాళీ ఇంటికీ నెల చాలు, కానీ ఆ కారణం ఉత్తరంలో రాయాలి. మర్చిపోతే 3 నెలల అద్దె అడగొచ్చు. లెక్క నువ్వు పోస్టు చేసిన రోజు నుంచి కాదు, యజమాని చేతికి అందిన రోజు నుంచి. ఆయన ఇంట్లో లేకపోతే ఉత్తరం పోస్టాఫీసులో 15 రోజులుండి నీకే తిరిగొస్తుంది, నోటీసు ఇవ్వనట్టే అవుతుంది. మనిషి దగ్గర్లో ఉంటే చేతికే ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకో.

అడ్వాన్సు సంగతి దిగిన రోజే తేలుతుంది. ఇంటి స్థితి రాసే పత్రంలో గోడ మీది గీత, కారే కుళాయి, కాలిన మచ్చ అన్నీ రాయించి ఫొటోలు తీసుకో. ఖాళీ చేసేనాటి పత్రం దానితో సరిపోతే 1 నెలలో, తేడా ఉంటే 2 నెలల్లో డబ్బు తిరిగివ్వాలి. ఆలస్యం చేస్తే మొదలైన ప్రతి నెలకూ అద్దెలో 10 శాతం అదనంగా చెల్లించాలి. చాలామంది అద్దెదారులకు ఈ సంగతి తెలియదు, తెలిసిన యజమానులు చెప్పరు.

ఇంటర్నెట్ ఆపించినప్పుడు, కంపెనీ ఇచ్చిన ఇంటర్నెట్ బాక్సు (రౌటర్) తిరిగి పంపిన పోస్టు రసీదు దాచుకో. అందలేదని బాక్సు ఖరీదు నీ ఖాతాలోంచి లాగితే, చూపడానికి అదొక్కటే ఆధారం.

ఆశీస్సులతో,
పెదనాన్న