ఇల్లు చూడాలంటే కాలువలు కట్టేశాక రండి

మీ ప్రశ్న ఇది: "మాది వరంగల్. నాకు ఆచంటలో ఉద్యోగం వచ్చింది. అక్కడే ఉండాలా, లేక పాలకొల్లు, తణుకు, భీమవరంలో ఎక్కడైనా ఇల్లు తీసుకుని రోజూ వెళ్లి రావాలా? మావారు ఇంటి నుంచే పని చేస్తారు. పాప రెండో తరగతి."

ఏ ఊరన్నది తర్వాత చూద్దాం. ముందు ఇల్లు చూడటానికి ఏ నెలలో వస్తున్నారో చెప్పండి. డిసెంబరులో మాత్రం రావద్దు. సంక్రాంతికి అసలే వద్దు. ఆ వారం కోడిపందేల జనంతో భీమవరం చుట్టుపక్కల లాడ్జిలో గది దొరకదు, ఇల్లు చూపించడానికి ఎవరికీ తీరిక ఉండదు. మే నెలలో, కాలువల్లో నీళ్లు ఆపేశాక రండి. ఎండకు భయపడకుండా రండి. ఎందుకంటే నేను డిసెంబరులో వచ్చి దెబ్బతిన్నాను.

మాది ధర్మవరం దగ్గర పల్లె. 2014లో నాకు గోదావరి జిల్లాలకు బదిలీ అయింది, బ్యాంకు ఉద్యోగం. ఆర్డరు వచ్చిన రోజు మా అమ్మ ఏడ్చింది. బాధతో కాదు. పెళ్లయిన నాటి నుంచి బిందె మోసిన మనిషి ఆవిడ. బోరు ఎండిపోతే పక్క తోటకు, అదీ ఎండిపోతే ట్యాంకరు దగ్గరికి. మావైపు ఐదారు వందల అడుగులు వేసినా బోర్లో దుమ్ము లేచిన సందర్భాలు నేనే చూశాను. "నువ్వు గోదావరి నీళ్లు తాగబోతున్నావు నాయనా" అని ఊరంతా చెప్పుకుంది.

ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు కాలువ నిండుగా ఉంది. గట్టు మీద కొబ్బరిచెట్లు, రేవు మెట్ల మీద బట్టలుతికే ఆడవాళ్లు, అవతల పచ్చగా దాళ్వా, అంటే రెండో పంట నారుమళ్లు. గేటు తీస్తే ఎదురుగా నీళ్లు. ఇంకో ఇల్లు చూడకుండా మూడు నెలల అడ్వాన్సు చేతిలో పెట్టేశాను. చూపించిన బ్రోకరు ఒక నెల అద్దె తీసుకున్నాడు. బోరు నీళ్లెలా ఉంటాయని అడిగితే "గోదావరి జిల్లాలో నీళ్ల గురించి అడిగేవాళ్లని మిమ్మల్నే చూస్తున్నానండీ" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఆయన పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే, మే నెలలో ఆ వీధి ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. చెప్పలేదు. కొత్తగా వచ్చే కుటుంబానికి ఇల్లు చూపించేవాళ్లు ఈ ఒక్క సంగతి చెప్పి తీరాలని నా అభిప్రాయం.

బయటివాళ్లకు తెలియని విషయం ఒకటుంది. ఇక్కడి కాలువలు ఏడాది పొడుగునా పారవు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించాడు. ఇప్పుడు అక్కడ బ్యారేజీ ఉంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి. సార్వాకు, అంటే వానాకాలం పంటకు ఇబ్బంది లేదు, వరద నీరే ఉంటుంది. దాళ్వాకు వచ్చేసరికి గోదావరి తగ్గిపోతుంది. ఎగువన సీలేరు జలాశయాల నుంచి నీళ్లు తెచ్చుకుని, చాలకపోతే వంతులు పెట్టి పంట గట్టెక్కిస్తారు. అది కోతకొచ్చాక, సాధారణంగా ఏప్రిల్‌లో, కాలువలు కట్టేస్తారు. పూడిక తీయాలి, లాకులు, గట్లు బాగుచేయాలి. మళ్లీ వదిలేది జూన్‌లో. ఈ లోపు పట్టణాలకు మంచినీళ్ల చెరువులే దిక్కు. కట్టేసే ముందే నింపి పెట్టుకున్న ఆ నీళ్లను పొదుపుగా వదులుతారు.

భూమిలో నీళ్లు లేవా అంటే ఉన్నాయి. నాలుగు బారలు తవ్వితే నీళ్లు పడతాయి. సముద్రం వైపు వెళ్లేకొద్దీ అవి ఉప్పగా ఉంటాయి. పైన పలచగా మంచినీటి పొర ఉంటుంది, లోతుకు పోతే ఉప్పే. మావైపు బోరు ఎంత లోతుకు పోతే అంత ఆశ, ఇక్కడ దానికి పూర్తిగా రివర్సు. దానికి తోడు రొయ్యల చెరువులు. చెరువు పక్కన వీధి అయితే ఆ బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేరు.

మొదటి ఏప్రిల్ చివర్లో ఒక ఉదయం గేటు తీస్తే కాలువ లేదు. రెండు రోజుల్లో మడుగులు కట్టింది, వారానికి బురద. డిసెంబరులో నేను మురిసిపోయిన నీళ్ల కింద ఏముందో అప్పుడు కనపడింది. పాలిథిన్ సంచులు, మందు సీసాలు, పాత పరుపులు, కోళ్ల ఈకల మూటలు, ఒక చచ్చిన దూడ. వాసనకు వీధివైపు కిటికీలు మూసేశాం. సాయంత్రం ఆరైతే దోమలు, పాపను తెరలోంచి బయటికి రానిచ్చేవాళ్లం కాదు.

అప్పటికి అమ్మ మా దగ్గరే ఉంది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ అరగంట. మా ఇల్లు పైపులైను చివర కావడంతో సన్నటి ధార. బోరు నీళ్లతో కందిపప్పు పెడితే కుక్కర్ ఎన్ని కూతలు వేసినా బద్ద బద్దలాగే ఉండేది. టీ పెడితే పాలు విరిగేవి. తలస్నానం చేస్తే జుట్టు అట్టకట్టేది. ఇరవై లీటర్ల టిన్నులు రెండు స్కూటరుకు కట్టుకుని, ఆఫీసు నుంచి రాగానే పక్క ఊళ్లోని వాటర్ ప్లాంటుకు వెళ్లేవాడిని. అక్కడ క్యూ. ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి ఏటవాలు గట్టు దిగుతుంటే తాడు తెగి టిన్ను పగిలింది. నీళ్లన్నీ మట్టిలో కలిసిపోయాయి. తడి బట్టలతో ఇంటికొస్తే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "యాడికొచ్చినాం నాయనా మనం? గోదారి గట్టున కూచోని నీళ్లు కొనుక్కుంటామా?" అంది. ధర్మవరంలో ట్యాంకరు ముందు నిలబడ్డ రోజుల్లో కూడా ఆవిడ నోట ఆ గొంతు నేను వినలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి పిన్నిగారు రెండు బిందెలు తెచ్చి మా అరుగు మీద పెట్టారు. "వదినగారూ, మాకు పెరట్లో పాత నుయ్యుందండి, తియ్యటి నీళ్లు. అడక్కుండా ఇలా కష్టపడితే ఎలాగండీ" అన్నారు. కాలువ వదిలేదాకా ఆ నూతి నీళ్లే మాకు ఆధారం. ఆవిడ ఇల్లు మాకు ముప్పై అడుగుల దూరం. అక్కడ తియ్యటి నీళ్లు, మా బోర్లో ఉప్పు. డెల్టాలో ఊరూరికీ కాదు, ఇంటింటికీ నీళ్లు మారతాయని నాకు అర్థమైంది అప్పుడే.

జూన్‌లో కాలువ వదిలారన్న కబురు ముందు ఫోన్లలో వచ్చింది. ఆ నీరు మా వీధికి చేరేసరికి ఇంకో రెండు రోజులు పట్టింది. చేరే సాయంత్రం వీధి వీధంతా గట్టు మీదే ఉంది. ముందు వచ్చింది నీళ్లు కాదు. చెత్త, గుర్రపుడెక్క, నురగ, దాని వెనక నల్లటి నీరు. ఆ వెనక మట్టిరంగు. అమ్మ మెట్లు దిగబోతే పిన్నిగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "వారం ఆగాలి వదినగారూ, కాలువ కడుక్కోవాలి." వారం ఆగాక అమ్మ వెళ్లి పసుపు, కుంకుమ వేసి దణ్ణం పెట్టి వచ్చింది.

మీరు అడిగినదానికి ఇది సంబంధం లేదనిపించవచ్చు, కానీ ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇళ్లలో కాటన్ దొర ఫోటోకు దండ వేసే మనుషులున్న ప్రాంతం ఇది. అదే వీధిలో చేపలు కడిగిన నీళ్లు, పెళ్లి విస్తళ్లు, మరుగుదొడ్డి పైపు అన్నీ ఆయన తవ్వించిన కాలువలోకే. కింద ఊరివాళ్లు ఆ నీళ్లనే చెరువులోకి తోడుకుని తాగాలి. ఒక్క బిందె కోసం అరగంట నడిచిన ప్రాంతం నుంచి వచ్చినవాడిని, నాకిది చూస్తే ప్రాణం విలవిల్లాడుతుంది. ఎవరైనా సంచి విసురుతుంటే ఇప్పటికీ బండి ఆపి అడుగుతాను. కొందరు తిడతారు. కొందరు సంచి వెనక్కి తీసుకెళ్తారు.

మేమున్న ఊరి పేరు రాయడం లేదు. మీరు చెప్పిన నాలుగింట్లో ఒకటే. పేరు రాస్తే మీరు ఆ ఊరిని కొట్టేస్తారు, అది అన్యాయం. రెండు వీధులవతల బంగారం లాంటి ఇళ్లున్నాయి.

మీ ఊళ్ల సంగతి. తణుకు నాకిష్టమే. జాతీయ రహదారి మీద ఉంది, ఆసుపత్రులకు, బళ్లకు లోటు లేదు, సముద్రానికి దూరం కాబట్టి నీళ్లూ కాస్త నయం. కానీ రోజూ ఆచంటకు రావాలి. మ్యాపులో కిలోమీటర్లు చూసి లెక్క వేసుకోవద్దు. ఇక్కడ చాలా రోడ్లు కాలువ గట్లే. ఇటు కాలువ, అటు చేను, మధ్యలో ఒక బస్సు, ఎదురుగా గడ్డి ట్రాక్టరు. కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. అరగంట మించిన ప్రయాణం రెండో తరగతి పాప ఉన్న తల్లికి వద్దు. భీమవరం 2022 నుంచి జిల్లా కేంద్రం, రైళ్లు ఎక్కువ, కాలేజీలు ఎక్కువ, మీవారికి కరెంటు, ఇంటర్నెట్టు అక్కడే బాగుంటాయి. అద్దెలూ అలాగే ఉంటాయి. చుట్టూ ఆక్వా చెరువులు, ఊరి మధ్య యనమదుర్రు డ్రెయిను. ఆచంటకు అదీ దూరమే. ఆచంటలోనే ఉంటే మీకు సుఖం, మీవారికి మొదటి ఆరు నెలలు ఒంటరితనం. పాలకొల్లు దగ్గర, రైలుంది, మంచి బజారుంది. నేనైతే పాలకొల్లే తీసుకుంటాను. వరంగల్ వెళ్లి రావడానికి రైలు ఉండి తీరాలి, ఈ విషయంలో నాతో వాదించవద్దు. అమలాపురంలో పనిచేసే మా స్నేహితుడు రైలు కోసం ప్రతిసారీ గోదావరి దాటి రావాల్సిందే, ఆ అవస్థ చూశాను.

వానల సంగతీ అడగండి. నేల పళ్లెంలా ఉంటుంది, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే నీళ్లు మురుగు కాలువలోకి పోవు, అందులోంచి వెనక్కి వస్తాయి. గోడ మీద చారలు చూడండి. కొత్తగా సున్నం వేసుంటే పక్కింటి గోడ చూడండి. గోదావరి వరద వేరు, అది ఏటిగట్టు లోపలి లంకలకు, అంటే నది మధ్య దీవులకు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోది కూడా దాటి 25 లక్షల క్యూసెక్కులు పైగా వచ్చింది. మా ఖాతాదారుల్లో లంకవాళ్లు పడవల్లో బయటికొచ్చారు. ఆచంట మండలంలో లంకలున్నాయి, మీ పని అటువైపైతే జులై, ఆగస్టుల్లో ఈ అంకెలు మీకూ నోటికి వచ్చేస్తాయి.

మేము ఇల్లు మారింది మరుసటి ఏడాది మే నెలలో. ఈసారి అమ్మ నాతో వచ్చింది, సంచిలో ఒక గిన్నె, పావు కేజీ కందిపప్పు పెట్టుకుని. మూడు ఇళ్లు చూశాం. మొదటి రెండు చోట్ల బోరు నీళ్లు పుక్కిలించి ఉమ్మేసింది. మూడో ఇంట్లో గుటక వేసి, ఇంటావిడను అడిగింది: "అమ్మా, ఏమనుకోవద్దు, మీ పొయ్యి మీద ఈ పప్పు ఉడకేస్తా." ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, "దానికేముందండీ, రండి" అని పొయ్యి వెలిగించారు. కుక్కరు వద్దంది అమ్మ, మామూలు గిన్నెలోనే. ముప్పావు గంట అరుగు మీద కూర్చున్నాం, కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చారు. అమ్మ వెళ్లి ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నలిపింది. మెత్తగా వెన్నలా నలిగింది.

"అడ్వాన్సు ఇచ్చేయ్ నాయనా" అంది.